అరవై చతురస్రాలతో కాగితపు పూలబంతి: మడత నుంచి వేలాడదీసే వరకు

ఇంటి గుమ్మంలోనో, హాలులో ఒక మూలనో, పండగనాడు బొమ్మల కొలువు పైనో వేలాడదీయడానికి కాగితంతో చేసుకోదగిన అలంకరణల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది కుసుదామా పూలబంతి. అరవై చదరపు కాగితాలను ఒకే తీరుగా మడిచి, అయిదేసి రెక్కలను కలిపి పన్నెండు పువ్వులు చేసి, ఆ పన్నెండింటినీ గుండ్రంగా అతికిస్తే ఈ బంతి తయారవుతుంది. చూడడానికి చాలా క్లిష్టంగా కనిపిస్తుంది కాని, ఇందులో నేర్చుకోవలసిన మడత ఒక్కటే. దానినే అరవైసార్లు చేయాలి. కాబట్టి దీనికి కావలసింది అసాధారణమైన నైపుణ్యం కాదు, మొదటి రెక్కను ఎంత శ్రద్ధగా మడిచారో అరవయ్యో రెక్కను కూడా అంతే శ్రద్ధగా మడిచే ఓపిక.

కుసుదామా జపాను సంప్రదాయం. పూర్వం అక్కడ సువాసనగల మూలికలను, పూలను గుత్తిగా కట్టి, రంగు దారాలతో అలంకరించి, కీడు దరిచేరకుండా ఇళ్లలో వేలాడదీసేవారు. అయిదో నెల అయిదో రోజున వచ్చే పండగకు ఇది ప్రత్యేకమైన ఆచారం. కాలక్రమంలో మూలికల స్థానంలో మడిచిన కాగితాలు వచ్చాయి. పాత పద్ధతిలో ఈ కాగితపు విభాగాలను సూదీ దారంతో కుట్టి బంతిగా చేసేవారు. నేడు ఇళ్లలో చేసుకునే వారిలో చాలామంది జిగురు వాడుతున్నారు, ఇక్కడ నేను వివరించబోయేది కూడా జిగురుతో చేసే పద్ధతినే.

కాగితం ఎంపిక

ఈ పనిలో సగం ఫలితం కాగితాన్ని బట్టే ఉంటుంది. జిరాక్స్ కేంద్రాల్లోను, స్టేషనరీ దుకాణాల్లోను దొరికే ఎ4 సైజు రంగు కాగితాలు దీనికి చక్కగా సరిపోతాయి. ఇవి సాధారణంగా 75 లేదా 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత) మందంలో ఉంటాయి, రెండు వైపులా ఒకే రంగుతో ఉంటాయి, మడత గట్టిగా నిలుస్తుంది. అంతకన్నా పలుచని కాగితంతో చేస్తే రెక్క వంపు నిలవక చప్పబడిపోతుంది. చార్టు కాగితం, డ్రాయింగ్ షీటు వంటి మందమైనవి చిన్న సైజులో ఆరేడు పొరలుగా మడవడానికి ఎదురు తిరుగుతాయి. బలవంతంగా మడిస్తే మడత గీత వెంట రంగు పొర చిట్లి లోపలి తెలుపు బయటపడుతుంది. నున్నగా మెరిసే క్యాలెండరు కాగితానికీ ఇదే ఇబ్బంది, పైగా దాని మీద జిగురు త్వరగా పట్టదు. ఒక వైపే రంగుండే గ్లేజు కాగితాన్ని మాత్రం నిశ్చింతగా వాడవచ్చు, ఎందుకంటే ఈ మడతలో తెల్లవైపంతా లోపలికి వెళ్లిపోతుంది. మొదట కాగితాన్ని తెల్లవైపు పైకి ఉండేలా బల్ల మీద పెట్టుకోవడం ఒక్కటే గుర్తుంచుకోవాలి.

కొలతలను ముందుగా లెక్క వేసుకుంటే కాగితం వృథా కాదు. ఎ4 కాగితం 29.7 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దీని నుంచి 9.9 సెంటీమీటర్ల చతురస్రాలు తీస్తే పొడవులో మూడు, వెడల్పులో రెండు, మొత్తం ఆరు వస్తాయి, మిగిలేది 1.2 సెంటీమీటర్ల సన్నని పట్టీ మాత్రమే. అంటే పది కాగితాలతో అరవై చతురస్రాలు సరిగ్గా సరిపోతాయి. చిన్న బంతి కావాలనుకుంటే 7 సెంటీమీటర్ల చతురస్రాలు తీయండి. ఒక్కో కాగితానికి పన్నెండు వస్తాయి కాబట్టి అయిదు కాగితాలు చాలు. పూర్తయిన బంతి వ్యాసం చతురస్రపు భుజానికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు ఉంటుందనుకోండి. పెద్ద కొలతతో చేసినది సుమారు 14 సెంటీమీటర్లు, చిన్నది సుమారు 10 సెంటీమీటర్లు వస్తుంది. మొదటిసారి చేసేవారు పెద్ద కొలతనే ఎంచుకోవడం మంచిది. 7 సెంటీమీటర్ల కాగితంలో చివరి మడతలు గోటితో చేయవలసినంత చిన్నవైపోతాయి, చేయి అలవాటు పడకముందే వాటితో కుస్తీ పడితే విసుగు వచ్చి పని మధ్యలో ఆగిపోతుంది.

రంగుల విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఒకటి, లేదా బాగా పొసగే రెండు రంగులు వాడితే మడతల మధ్య పడే నీడలు అందంగా కనిపిస్తాయి. తెలుపు, లేత పసుపు, లేత గులాబి వంటి రంగుల్లో ఆ నీడలు మరింత తేటగా తెలుస్తాయి. ముదురు నీలం, నలుపు వంటి రంగుల్లో మడతల పనితనమంతా కనపడకుండా పోతుంది. పండగకు రంగురంగులుగా కావాలనుకుంటే ఆరు రంగులు తీసుకుని ఒక్కో రంగులో రెండేసి పువ్వులు చేయండి. ఆ రెండింటినీ బంతికి ఎదురెదురు దిక్కుల్లో అమరిస్తే ఒకే రంగు పువ్వులు ఎక్కడా పక్కపక్కన పడవు. ఒక రంగుకు పది రెక్కలు కావాలి కనుక 9.9 సెంటీమీటర్ల కొలతలో రంగుకు రెండు కాగితాలు, 7 సెంటీమీటర్ల కొలతలో రంగుకు ఒక కాగితం తీసుకుంటే పది రెక్కలూ వచ్చి, పాడైతే వాడుకోవడానికి మరో రెండు చతురస్రాలు కూడా మిగులుతాయి. ఒకే పువ్వులో వేర్వేరు రంగుల రెక్కలు కలపడం నేను సలహా ఇవ్వను, అలా చేస్తే దూరం నుంచి చూసినప్పుడు పువ్వు ఆకారమే తెలియదు.

మిగతా సామగ్రి చాలా కొద్దిది. స్టీలు స్కేలు, పదునైన కట్టరు, పెన్సిలు, ఫెవికాల్ వంటి తెల్ల జిగురు, పది పన్నెండు జెమ్ క్లిప్పులు, మూడు నాలుగు బట్టల క్లిప్పులు, గట్టి సిల్కు దారం, పెద్ద కంత ఉన్న సూది, రెండు పూసలు, ఇష్టమైతే అడుగున వేలాడదీయడానికి ఒక దారపు కుచ్చు. గ్లూ గన్‌తో పని త్వరగా అవుతుంది కాని అందులోంచి వచ్చే వేడి జిగురు వేళ్లను కాలుస్తుంది, అతికిన చోట ఉండలు కడుతుంది, ఒకసారి అతికాక సర్దడానికి వీలుండదు. పిల్లలతో కలిసి చేసేటప్పుడు దాని జోలికి పోకండి.

చతురస్రాలు కోయడం

నాలుగైదు కాగితాలను ఒకేసారి పేర్చి కోయాలని అందరికీ అనిపిస్తుంది. అలా కోస్తే అడుగు కాగితాలు అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు జరుగుతాయి, ఆ కొద్ది తేడా చివరికి రెక్క మొన వంకర పోవడంగా తేలుతుంది. రెండేసి కాగితాల కన్నా ఎక్కువ పేర్చవద్దు. అడుగున పాత అట్ట పరచుకుని, స్కేలును గట్టిగా అదిమి పట్టి, కట్టరును ఒకే ఒత్తిడితో రెండుసార్లు లాగండి. కోసిన ప్రతి చతురస్రాన్నీ ఒకసారి మూల నుంచి మూలకు తేలికగా వంచి చూడండి. అంచులు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటే అది నిజమైన చతురస్రం, కూర్చోకపోతే దానిని పక్కన పెట్టేయండి. అంచు కాస్త తేడాగా ఉన్న కాగితాన్ని మడతలో సర్దుకోవచ్చులే అనుకోకూడదు, అది సర్దుకోదు.

ఒక రెక్క మడవడం

ఈ భాగాన్ని నెమ్మదిగా చదివి, ఒక కాగితం చేతిలో పెట్టుకుని వెంట వెంట చేయండి. ప్రతి మడతనూ మొదట వేలితో, తరువాత స్కేలు అంచుతోగాని చెంచా వెనుక భాగంతోగాని గట్టిగా రుద్దండి.

మొదటి మడతలో, చతురస్రాన్ని ఒక మూల మీ వైపు ఉండేలా పెట్టుకుని, కింది మూలను పై మూల మీదికి తెచ్చి త్రిభుజం చేయండి. త్రిభుజపు పొడవైన అంచు మీ వైపు, మొన పైకి ఉంటాయి. ఒక వైపే రంగున్న కాగితమైతే రంగు బయటికి కనిపించాలి.

రెండో మడతలో, త్రిభుజపు ఎడమ మూలను పైకి లేపి పై మొనతో కలపండి, కుడి మూలను కూడా అలాగే చేయండి. ఇప్పుడు మొన మీద నిలబెట్టినట్టుండే చిన్న చతురస్రం వస్తుంది, దాని మీద నిలువు మధ్య గీతకు ఎడమా కుడీ రెండు మడతలు తలుపుల్లా ఉంటాయి. వీటిని ఇకపై చెవులు అందాం. రెండు చెవుల అంచులు మధ్య గీత దగ్గర ఒకదానినొకటి తాకాలి కాని ఒకదానిపైకి ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే మొదటి మడత వంకరగా పడిందని అర్థం, విప్పి మళ్లీ మడవండి.

మూడో మడతలో, ఎడమ చెవి లోపలి అంచును, అంటే మధ్య గీత వెంట ఉన్న అంచును, ఎడమ పక్కకు తెచ్చి చతురస్రపు కింది ఎడమ అంచుతో కలిపి మడవండి. మడత గీత సరిగ్గా అడుగు మొన నుంచి మొదలవ్వాలి. అప్పుడు చెవి మొన చతురస్రం దాటి బయటికి పొడుచుకు వస్తుంది, అలా రావడమే సరైనది. కుడి చెవికి కూడా ఇదే మడత వేయండి. అడుగు మొన దగ్గర ఉన్న 45 డిగ్రీల కోణం ఇక్కడ సగమై 22.5 డిగ్రీలవుతుంది. ఈ కోణం రెండు వైపులా సమానంగా రాకపోతే రెక్క ఒక పక్కకు ఒరిగిపోతుంది కనుక, ఇక్కడ మరికొంత సమయం తీసుకున్నా తప్పు లేదు.

నాలుగోది ఈ మొత్తం పనిలో కొత్తవారిని తికమక పెట్టే మడత. ఇప్పుడు మడిచిన ఎడమ చెవిని కాస్త పైకి లేపి చూస్తే అది రెండు పొరల సంచిలా ఉంటుంది, పై వైపు నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ నోట్లోకి బొటనవేలో పెన్సిలో పెట్టి రెండు పొరలను విడదీసి, అప్పటిదాకా చెవి అంచుగా ఉన్న గీత మధ్యకు వచ్చేలా చెవిని అణచి చదును చేయండి. చెవి గాలిపటం ఆకారంలోకి మారుతుంది. ఈ గాలిపటంలో సగం చతురస్రం మీద, సగం చతురస్రానికి బయట ఉంటుంది, దాని మధ్య గీత చతురస్రపు కింది అంచు మీద సరిగ్గా పడుతుంది. అణచేటప్పుడు అడుగు మొన నుంచి పైకి రుద్దుకుంటూ వస్తే పొరలు వాటంతటవే సర్దుకుంటాయి. కుడి వైపు కూడా చేయండి. మొదటి రెండు మూడు కాగితాలకు ఇది కుదరకపోతే వాటిని సాధనకు పెట్టినవిగా పక్కన ఉంచి ముందుకు సాగండి, చేతికి తెలిశాక కళ్లు మూసుకుని కూడా చేయగలుగుతారు.

అయిదో మడతలో, రెండు గాలిపటాల పై మొనలు చతురస్రపు అంచు దాటి ఉంటాయి కదా, ఆ మొనలను ముందుకు, అంటే మీ వైపు వంచి, చతురస్రపు పై అంచులతో సమానంగా ఉండేలా మడవండి. ఒక వైపే రంగున్న కాగితంలో ఇక్కడ కాస్త తెలుపు కనిపిస్తుంది, కంగారు పడవద్దు.

ఆరో మడతలో, ఒక్కో గాలిపటాన్ని దాని మధ్య గీత వెంట రెండుగా మడిచి, బయట ఉన్న సగాన్ని లోపలి సగం మీదికి తెచ్చేయండి. ఆ గీత మీద ఇదివరకే మడత పడి ఉంటుంది కాబట్టి తేలికగా వంగుతుంది. ఇందాక కనిపించిన తెల్లటి మొనలు ఈ మడత లోపలికి వెళ్లిపోతాయి. ఇప్పుడు మీ ముందు మళ్లీ చతురస్రమే ఉంటుంది, దాని రెండు కింది అంచుల వెంట సన్నని త్రిభుజాలు ఉంటాయి.

చివరగా, ఒక త్రిభుజపు పై ముఖానికి సన్నగా జిగురు రాసి, చతురస్రాన్ని గొట్టంలా చుట్టి రెండు త్రిభుజాల ముఖాలను ఒకదానికొకటి అతికించండి. మధ్యలో ఎక్కడా మడత పడకుండా, వంపు మాత్రమే వచ్చేలా చూడండి. కాగితాన్ని ముందుగా పెన్సిలు చుట్టూ తిప్పితే వంపు సాఫీగా వస్తుంది. అతికిన చోట జెమ్ క్లిప్పు పెట్టి పది నిమిషాలు వదిలేయండి. వంపు తిరిగిన వీపు, పైన ఒక మొన, లోపల కేసరాల్లా లేచిన మడతలు ఉన్న రెక్క తయారైంది.

జిగురు ఎంత రాయాలన్నది ఇక్కడ ముఖ్యమైన సంగతి. సీసా ముక్కుతో నేరుగా కాగితం మీద గీయకుండా, ఒక మూతలోకి కొద్దిగా వంపుకుని అగ్గిపుల్లతో అద్ది పూయండి. జిగురు ఎక్కువైతే కాగితం తడిసి ముడతలు పడుతుంది, అతుకు పక్కల నుంచి బయటికి పొంగి ఆరాక మెరుస్తూ కనిపిస్తుంది. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో, ఆరడానికి రెట్టింపు సమయం పట్టవచ్చు. అలాంటప్పుడు ఎక్కువ క్లిప్పులు దగ్గర పెట్టుకోవడమే మార్గం, జిగురు పెంచడం కాదు.

అయిదు రెక్కలతో ఒక పువ్వు

అయిదు రెక్కలు పూర్తిగా ఆరాక, ఒక రెక్క అతుకు గీత పక్కన ఉండే చదునైన భాగానికి అడుగు మొన దాకా జిగురు రాసి దానికి రెండో రెక్కను ఆనించండి. ప్రతి రెక్కలోనూ అతుకు గీత పువ్వు మధ్యకు, పొడవైన మొన బయటికి తిరిగి ఉండాలి. అడుగు మొనలన్నీ ఒకే బిందువు దగ్గర కలవాలి. ఒక రెక్క అడుగు మొన మిగతావాటి కన్నా పైకి జరిగితే పువ్వు ఒక వైపు ఎత్తుగా లేస్తుంది, తరువాత బంతిలో ఆ పువ్వు తన చోట ఇమడదు. రెండు, మూడు, నాలుగు రెక్కల దాకా వరసగా అతికించి, అయిదో రెక్కకు రెండు వైపులా జిగురు రాసి ఖాళీలో కూర్చోబెట్టి, మొత్తాన్ని పిడికిట్లో మృదువుగా పట్టుకుని రెండు నిమిషాలు ఉంచండి.

అయిదో రెక్కకు చోటు చాలడం లేదని అనిపించడం చాలామందికి ఎదురయ్యే సంగతి. రెక్కల చదునైన భాగాలకు మరీ వెడల్పుగా జిగురు రాసి, వాటిని వీపు దాకా అతికించేసినప్పుడు అలా జరుగుతుంది. జిగురు ఇంకా పచ్చిగా ఉండగానే రెక్కలను పై వైపు కాస్త విడదీసి, అతుకు గీత పక్క భాగం మాత్రమే కలిసి ఉండేలా సర్దితే చోటు వస్తుంది.

ఇలాంటి పువ్వులు పన్నెండు చేయాలి. కొత్తగా నేర్చుకున్నవారికి ఒక రెక్కకు రెండు మూడు నిమిషాలు పడుతుంది కాబట్టి అరవై రెక్కల మడతకే రెండు నుంచి మూడు గంటలు కేటాయించుకోవాలి. ఒకే కూర్చోవడంలో ముగించాలని పట్టుబట్టకండి. నేనైతే మొదట కోత, తరువాత అరవై కాగితాలకూ మొదటి మూడు మడతలు, ఆ తరువాత మిగతా మడతలు అన్నట్టు దశలవారీగా చేయమంటాను. ఒకే మడతను వరసగా వేస్తున్నప్పుడు చేతికి ఒక కొలత కుదిరి రెక్కలన్నీ ఒకే తీరుగా వస్తాయి. ఇంట్లో పిల్లలు, పెద్దలు కలిసి చేసేటట్టయితే మొదటి రెండు మడతలు పిల్లలకు, నాలుగో మడత చేయి తిరిగినవారికి, జిగురు పని ఒక్కరికే అప్పగించండి. జిగురు రాసేవారు మారినప్పుడల్లా పువ్వుల పరిమాణం మారిపోతుంది.

పన్నెండు పువ్వులను బంతిగా కూర్చడం

పన్నెండే ఎందుకన్న ప్రశ్నకు రేఖాగణితం జవాబు చెబుతుంది. అయిదు భుజాల ముఖాలు పన్నెండు కలిస్తే అన్ని వైపులా మూసుకున్న ఘనాకారం ఏర్పడుతుంది. మన పువ్వుకు అయిదు రెక్కలు ఉన్నాయి కనుక ప్రతి పువ్వూ అందులో ఒక ముఖంగా ఇముడుతుంది, తన చుట్టూ అయిదు పువ్వులను తాకుతుంది. ఆ ఆకారానికి ఇరవై మూలలు ఉంటాయి, ఒక్కో మూలలో మూడు పువ్వుల రెక్కల మొనలు కలుస్తాయి. ఈ సంగతి గుర్తుంటే అతికించేటప్పుడు మీరే పరీక్షించుకోవచ్చు: ఎక్కడైనా రెండు మొనలే కలిసినా, నాలుగు గుమిగూడినా పువ్వు తప్పు చోట పడిందన్నమాట.

బంతిని రెండు అర్ధబంతులుగా చేయాలి. ఒక పువ్వును బల్ల మీద ముఖం కిందికి ఉండేలా పెట్టండి. దాని పక్కపక్క రెండు రెక్కల వీపులకు, మొన నుంచి అడుగు వైపుగా జిగురు రాసి, రెండో పువ్వులోని పక్కపక్క రెండు రెక్కల వీపులను వాటికి ఎదురుగా ఆనించండి. రెండో పువ్వు అడుగు మొన మొదటి పువ్వు అడుగు మొనకు ఆనుకుని ఉండాలి, ఎందుకంటే పన్నెండు అడుగు మొనలూ చివరకు బంతి కేంద్రం దగ్గర కలుస్తాయి. మూడో పువ్వును మొదటి దానికీ రెండో దానికీ కలిపి అతికించండి. ఇలా మధ్య పువ్వు చుట్టూ అయిదు పువ్వులు పూర్తయితే ఆరు పువ్వుల అర్ధబంతి వస్తుంది. ప్రతి పువ్వు అతికించాక బట్టల క్లిప్పు పెట్టి, అది పట్టుకున్నాకే తరువాతి పువ్వుకు వెళ్లండి. ఇక్కడ తొందరపడితే ఒక పువ్వు అతికిస్తుంటే ఇంకొకటి జారిపోతుంది, చేతులకు అంటిన జిగురు రెక్కల మీద మరకలు వేస్తుంది. రెండో అర్ధబంతిని కూడా ఇలాగే చేసి, రెండింటినీ రాత్రంతా ఆరనివ్వండి.

రెండింటినీ కలపడానికి ముందే దారం అమర్చాలి, తరువాత అమర్చడం చాలా కష్టం. సూదిలో సిల్కు దారం ఎక్కించి, దారం చివర పూస కట్టి ముడి వేసి, మొదటి అర్ధబంతి లోపలి వైపు నుంచి మధ్య పువ్వు అడుగు మొన గుండా బయటికి లాగండి. పూస లోపల అడ్డుపడి బరువును మోస్తుంది కాబట్టి దారం కాగితాన్ని కోసుకుని బయటికి రాదు. అడుగున కుచ్చు కావాలనుకుంటే రెండో అర్ధబంతికి కూడా ఇలాగే పూసతో దారం వేసి కుచ్చు కట్టండి. బరువు గురించి ఆందోళన అక్కర్లేదు. 80 జీఎస్ఎం ఎ4 కాగితం దాదాపు 5 గ్రాములు ఉంటుంది, పది కాగితాల బంతి మొత్తం సుమారు 50 గ్రాములే ఉంటుంది. దానికి మామూలు సిల్కు దారం ఎంతైనా చాలు.

ఇప్పుడు రెండు అర్ధబంతులనూ ఎదురెదురుగా పట్టుకుని, జిగురు రాయకుండా ఒకసారి కూర్చి చూడండి. ఒక దాని పువ్వులు రెండో దాని పువ్వుల మధ్య ఖాళీల్లోకి వచ్చి కూర్చుంటాయి, నేరుగా పువ్వు మీద పువ్వు రాదు. ఆరు రంగులతో చేస్తున్నవారు ఇప్పుడే రెండో అర్ధబంతిని నెమ్మదిగా తిప్పుతూ, ఒకే రంగు పువ్వులు ఎదురెదురు దిక్కుల్లోకి వచ్చే అమరిక చూసుకోవాలి. అందుకు రెండో అర్ధబంతిని అతికించేటప్పుడే దాని రంగుల వరుసను మొదటిదానితో సరిచూసుకుని ఉండాలి. సరిపోయిందని తేలాక, తాకే రెక్కల వీపులకు జిగురు రాసి రెండు భాగాలను కలిపి, రెండు చేతులతో నాలుగైదు నిమిషాలు అలాగే పట్టుకోండి. గట్టిగా నొక్కితే రెక్కల వంపు నలుగుతుంది, కోడిగుడ్డును పట్టుకున్నంత ఒత్తిడి చాలు. ఆ తరువాత ఒక గిన్నెలో పెట్టి ఆరనిస్తే బంతి దొర్లిపోకుండా, ఒక పక్క అణిగిపోకుండా ఉంటుంది.

మిగతా ఉపయోగాలు

పన్నెండు పువ్వులు చేయడానికి సమయం లేనప్పుడు ఆరు పువ్వుల అర్ధబంతి దగ్గరే ఆపి, చదునైన వైపును గోడకు ఆనించి అలంకరించవచ్చు. గోడ మీద మూడు వేర్వేరు పరిమాణాల అర్ధబంతులు దగ్గరదగ్గరగా పెడితే ఒక్క పెద్దదాని కన్నా బాగుంటుంది. విడి పువ్వులను సన్నని వెదురు పుల్లలకు అతికిస్తే పూలగుత్తిగా కూజాలో పెట్టుకోవచ్చు. గుమ్మానికి తోరణం కట్టాలంటే నిజమైన మామిడాకుల మధ్య ఈ పువ్వులను గుచ్చకండి, ఆకుల తడి కాగితానికి పాకి రంగు దిగుతుంది. కాగితపు పువ్వులకు వేరే దారం వేసి, రెండు తోరణాల మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచితే రెండూ బాగుంటాయి. సీమంతానికో, వరలక్ష్మీ వ్రతానికో వెనుక తెర అలంకరిస్తున్నప్పుడు విడి పువ్వులను గుండుసూదులతో తెరకు గుచ్చితే జిగురు మరక పడకుండా, పని అయ్యాక తిరిగి తీసి దాచుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఎక్కడ వేలాడదీయాలన్నది చివరి నిర్ణయం. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర రంగు కాగితం త్వరగా వెలిసిపోతుంది. సీలింగ్ ఫ్యాను కింద బంతి నిరంతరం తిరుగుతూ దారం పురి పడి, చివరకు తెగిపోతుంది. వంటింటికి దగ్గరగా ఉంటే నూనె పొగ కాగితానికి పట్టి, దానిపై చేరిన దుమ్ము ఎంత తుడిచినా పోదు. దేవుని గదిలో దీపానికి పైన, అగరువత్తుల పక్కన ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. ఆరు పొరల ఎండు కాగితం నిప్పురవ్వ తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది. లోపల దీపం పెట్టి లాంతరులా చేయాలనుకునేవారు కూడా ఆ ఆలోచన మానుకోవాలి, ఈ బంతి కేంద్రంలో ఖాళీ ఉండదు. వెలుగు కావాలంటే వేడెక్కని చిన్న ఎల్ఈడీ దీపాల తీగను బంతికి కొద్ది దూరంలో అమర్చండి.

దుమ్ము పడితే తడి గుడ్డ వాడకూడదు. మెత్తని పెయింటింగ్ కుంచెతో రెక్క అడుగు నుంచి మొన వైపుగా తుడవండి. తీసి దాచేటప్పుడు ఏ పక్కా అణగకుండా పట్టేంత లోతైన అట్టపెట్టెలో, దారాన్ని పెట్టె పై అంచుకు టేపుతో అతికించి బంతిని గాలిలో వేలాడేలా ఉంచితే అడుగు పువ్వులు నలగవు. పుస్తకాలను తినే తెల్లపురుగులు కాగితపు పనులనూ వదలవు కనుక, పెట్టెలో ఎండిన వేపాకులో కలరా ఉండలో వేసి, వానాకాలం ముగిశాక ఒకసారి పెట్టె తెరిచి నీడలో గాలికి ఆరబెట్టండి.